నేరారోపణ నుండి నిర్దోషిత్వానికి: గ్రహాంతర దండయాత్ర కథలపై ఒక విమర్శ

ప్రవేశిక

గ్రహాంతరవాసులు భూమిపై దండెత్తే కథలన్నీ అపరిచితుని పట్ల మానవునికి సహజంగా ఉండే భయానికి ప్రతిరూపాలన్న అభిప్రాయం వైజ్ఞానిక కల్పనా సాహిత్య విమర్శలో దాదాపు సూత్రంగా స్థిరపడింది. ఇది చాలా సులువైన సూత్రం. పైగా ఎవరినీ నొప్పించదు. భయం మానవులందరికీ సమానమే కనుక, దండెత్తినవారి సంతతీ దండయాత్రకు గురైనవారి సంతతీ పక్కపక్కన కూర్చుని ఒకే కథ చదివి ఒకే విధంగా భయపడవచ్చునని అది హామీ ఇస్తుంది.

ఆ హామీ బూటకమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ కథాప్రక్రియకు మూలమైన రచన అపరిచితుని భయం గురించి రాసినది కాదు. ఒక సామ్రాజ్యం చేసిన హత్యను ఆ సామ్రాజ్య పౌరునికే గుర్తుచేయడానికి రాసినది. తరువాతి కాలంలో ఆ నేరారోపణను ఒక్కొక్క పొరగా తొలగించి, ఆక్రమించినవారినే బాధితులుగా నిలబెట్టిన కథలు ప్రచారంలోకి వచ్చాయి. విమర్శ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘భయం’ అని పేరు పెట్టింది. ఆ పేరు వల్ల జరిగిన నష్టం తక్కువది కాదు.

ఒక దండయాత్ర కథను తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. దాడికి ముందున్న చరిత్రను కథ గుర్తుచేసుకుంటున్నదా? ఆక్రమణ ఆయుధంతో మాత్రమే జరుగుతున్నదా, లేక ఒప్పందం, వర్తకం, మధ్యవర్తి అనే దారుల్లో కూడా నడుస్తున్నదా? కథ ముగిసేసరికి నిర్దోషిగా బయటపడుతున్నది ఎవరు? కొన్ని ప్రసిద్ధ రచనలను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వెల్స్ మోపిన నేరం

హెచ్.జి. వెల్స్ రచించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1897లో పియర్సన్స్ మ్యాగజైన్‌లో ధారావాహికగా వెలువడి 1898లో పుస్తకంగా వచ్చింది. కుజగ్రహవాసుల మూడుకాళ్ల యంత్రాలు, ఉష్ణకిరణం, నల్లని విషధూమం అందరికీ గుర్తుండేవే. అంతగా గుర్తుండనిది మొదటి అధ్యాయంలోని ఒక సంగతి. కుజగ్రహవాసులను క్రూరులని నిందించే ముందు, ఐరోపా వలసదారులు టాస్మానియా ప్రజలను యాభై ఏళ్లలో ఎలా తుడిచిపెట్టారో తలచుకోవాలని కథకుడు పాఠకుణ్ణి హెచ్చరిస్తాడు. అదే యుద్ధనీతితో కుజగ్రహవాసులు వస్తే ఫిర్యాదు చేసే అర్హత మనకున్నదా అని నిలదీస్తాడు. ఈ నవలకు బీజం తన అన్న ఫ్రాంక్‌తో టాస్మానియా గురించి జరిగిన సంభాషణలో పడిందని వెల్స్ స్వయంగా చెప్పుకున్నాడు. పుస్తకాన్ని ఆ అన్నకే అంకితమిచ్చాడు.

కాబట్టి ఈ నవలలో దాడికి ముందు చరిత్ర ఉంది. 1803లో టాస్మానియాలో మొదలైన బ్రిటిష్ వలస ఆ చరిత్రకు ఆరంభం. లండన్ శివార్లలోని సరే ప్రాంతపు ఊళ్లను ఎంచుకుని మరీ వెల్స్ తగలబెట్టాడు. ఎక్కడో సముద్రాల అవతల తన దేశం చేసిన పనిని తన ఇంటి వీధిలో జరిగించి చూపడం అతని పద్ధతి. శరణార్థుల గుంపులు లండన్ విడిచి పారిపోయే ఘట్టంలో ఆంగ్ల పాఠకుడు కొన్ని పేజీలపాటు వలసరాజ్యపు ప్రజగా బతుకుతాడు. యంత్రాలతో పాటు వచ్చి నదులనూ నేలనూ కమ్మేసే ఎర్రకలుపు కూడా ఆ పథకంలో భాగమే. వలసదారులతో పాటు వారి మొక్కలూ జంతువులూ వచ్చి స్థానిక జీవజాలాన్ని తొక్కేయడం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల అనుభవం.

వెల్స్ ఆరోపణలో లోపాలు లేవని కాదు. టాస్మానియా ఆదివాసులను పూర్తిగా నశించినవారిగా అతను లెక్కగట్టాడు. 1876లో త్రుగనిని మరణంతో ఆ జాతి అంతరించిందన్నది ఆనాటి వలస సమాజం అల్లుకున్న కథ. ఆ ప్రజల వారసులు నేటికీ టాస్మానియాలో ఉన్నారు, తమ హక్కుల కోసం పోరాడుతూనే ఉన్నారు. హతులను మృతులుగానే గుర్తించి, బతికినవారిని చూడలేకపోవడం సానుభూతిలోనూ మిగిలిపోయిన సామ్రాజ్య దృష్టి. అంతేకాదు, నవలలో టాస్మానియా ఒక ఉపమానం. మాట్లాడే పాత్ర ఆంగ్లేయుడిదే. అయినా నేరం ఎవరిదన్న విషయంలో వెల్స్ తడబడలేదు. చివర కుజగ్రహవాసులు సూక్ష్మజీవుల వల్ల చస్తారు. ఆంగ్ల సైన్యం గెలవదు. గెలుపు లేదు కనుక గర్వించే అవకాశమూ లేదు.

ఆరోపణ చెరిగిన తీరు

ఆరోపణను చెరిపే పని నవల పుస్తకంగా వచ్చిన సంవత్సరంలోనే మొదలైంది. 1898 ఆరంభంలో న్యూయార్క్ పత్రికలో గారెట్ పి. సర్విస్ ‘ఎడిసన్స్ కాంక్వెస్ట్ ఆఫ్ మార్స్’ అనే కథను ధారావాహికగా రాశాడు. అందులో ఆవిష్కర్త ఎడిసన్ నాయకత్వంలో భూలోక నౌకాదళం కుజగ్రహంపై ప్రతీకార దండయాత్రకు వెళ్లి, ఆ గ్రహాన్ని వరదలో ముంచుతుంది. మనం చేసిన పని మనకే జరిగితే ఎలా ఉంటుందని వెల్స్ అడిగాడు. సర్విస్ ఇచ్చిన జవాబు: మళ్లీ అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తాం. టాస్మానియా అద్దంలో ముఖం చూసుకోమంటే అద్దాన్నే ఆయుధంగా విసిరినట్లయింది.

1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ సమర్పించిన రేడియో నాటకం కథాస్థలాన్ని న్యూజెర్సీకి మార్చింది. ఆ ప్రసారం రేపిన కలకలం గురించి పుంఖానుపుంఖంగా రాసినవారు ఒక చిన్న సంగతిని పట్టించుకోలేదు. నవల ఆరంభ వాక్యాల గాంభీర్యం రేడియోలోకి వచ్చింది, టాస్మానియా రాలేదు. 1953లో జార్జ్ పాల్ నిర్మించిన సినిమా కథను కాలిఫోర్నియాకు తరలించింది. అణుబాంబు కూడా విఫలమయ్యాక ప్రజలు చర్చిలో ప్రార్థిస్తుండగా కుజగ్రహవాసులు కూలిపోతారు. నవలలోని మతాచార్యుడు పిరికితనంతో మతి చలించిన మనిషి. సినిమాలో మతాచార్యుడు శాంతికోసం ఎదురేగి ప్రాణమిచ్చే త్యాగమూర్తి. సూక్ష్మజీవి పాత్ర రెండింట్లోనూ ఒకటే. అయితే అక్కడ నేరం చేసినవారికి శిక్ష తప్పిపోవడం యాదృచ్ఛికం, ఇక్కడ నిర్దోషులకు దైవం అండగా నిలవడం న్యాయం.

1996 నాటి ‘ఇండిపెండెన్స్ డే’ ఈ దారికి పరాకాష్ఠ. సూక్ష్మజీవి స్థానంలో కంప్యూటర్ వైరస్ వచ్చింది. దైవం చేసిన పనిని ఇప్పుడు అమెరికన్ సాంకేతికత చేస్తుంది. ప్రపంచంలోని ఇతర సైన్యాలు అమెరికా నుండి సందేశం వచ్చేదాకా ఎదురుచూస్తాయి. జులై 4 ఇకపై సమస్త మానవాళికీ స్వాతంత్ర్య దినమని దేశాధ్యక్షుడు ప్రకటిస్తాడు. ఒక వలసరాజ్యం తన పాలకుల నుండి విడివడిన రోజును, ప్రపంచమంతా ఒకే దేశపు నాయకత్వం కింద చేరే రోజుగా మార్చిన ఈ గారడీని ‘అపరిచితుని భయం’ అన్న మాట వివరించలేదు. దొంగే ‘దొంగ, దొంగ’ అని అరచిన చందాన్ని భయం అనడం విమర్శ అనిపించుకోదు.

2005లో స్పీల్‌బర్గ్ తీసిన రూపంలో ఆక్రమణలు ఎప్పుడూ విఫలమవుతాయన్న మాట ఒక పాత్ర నోట వినిపిస్తుంది. ఇరాక్ ఆక్రమణ నడుస్తున్న కాలంలో ఆ మాటకు బరువుంది. కాని అది నేలమాళిగలో దాక్కుని మతి తప్పుతున్న మనిషి నోట పలికించిన మాట. వెల్స్ నవలలో కథకుడే నిలబడి చెప్పిన సత్యం ఇక్కడ పిచ్చివాని సణుగుడుగా మిగిలింది.

పాలించడానికి వచ్చినవారు

రెండవ ప్రశ్న ఆక్రమణ యంత్రాంగానికి సంబంధించినది. ఉష్ణకిరణాలతో నగరాలను కాల్చడం దండయాత్రలో అందరికీ కనిపించే భాగం. భారత ఉపఖండపు అనుభవంలో అది చిన్న భాగం కూడా. ఈ దృష్టితో చూస్తే ఆర్థర్ సి. క్లార్క్ 1953లో వెలువరించిన ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ ప్రత్యేక పరిశీలనకు తగినది. అందులో ‘ఓవర్‌లార్డ్‌లు’ తూటా పేల్చకుండా భూమిని వశం చేసుకుంటారు. యుద్ధాలు, జంతుహింస మానిపిస్తారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి స్టార్మ్‌గ్రెన్ ద్వారా పాలిస్తారు. యాభై ఏళ్లదాకా ముఖం చూపించరు. ప్రజలు సుఖపడతారు, సృజనశక్తిని కోల్పోతారు.

ఈ నవలలో భారతదేశపు బ్రిటిష్ పాలన పేరెత్తి మరీ ప్రస్తావనకు వస్తుంది. పర్యవేక్షకుడు కెరెలెన్ తమ పాలనకూ దానికీ ఉన్న తేడాను వివరిస్తూ, బ్రిటిష్‌వారు స్పష్టమైన ఉద్దేశమేమీ లేకుండా అక్కడికి వెళ్లారని, వర్తకమూ ఐరోపా శత్రుత్వాలూ లెక్కించదగిన కారణాలు కావని, చేతికొచ్చిన సామ్రాజ్యాన్ని ఏం చేసుకోవాలో తెలియక వదిలించుకున్నాకనే స్థిమితపడ్డారని అర్థం వచ్చేలా మాట్లాడతాడు. భారతదేశం స్వతంత్రమైన ఆరేళ్లకే ఒక ఆంగ్ల రచయిత రాసిన ఈ మాటలను ఏ విమర్శకుడైనా నిదానించి చదవాలి. వర్తకం అల్ప కారణమట! అనుకోకుండా చేతికి చిక్కినది రెండు శతాబ్దాలు చేతిలోనే ఉండిపోయిందట!

తెలుగు నేల ఈ వాదానికి సాక్ష్యం చెప్పగలదు. 1800లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన ఒడంబడికతో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కంపెనీ వశమయ్యాయి. నిజాం రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా ఇచ్చిన నేల అది. ఆ నేల మీది జనాన్ని ఎవరూ అడగలేదు. అటుపై థామస్ మన్రో ఆధ్వర్యంలో పాలెగాళ్ల అణచివేత, భూమి కొలతలు, శిస్తు నిర్ణయం క్రమపద్ధతిలో సాగాయి. ఉద్దేశం లేనివారి పనితీరు కాదది. ఆ ప్రాంతం బదిలీ పత్రంలోని మాటనే పేరుగా మోస్తూ ‘దత్తమండలాలు’ అయింది. ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాల సభలో గాని రాలేదు. ఒక ప్రజను వారి అప్పగింత దస్తావేజు పేరుతో పిలవడం కంటే సంపూర్ణమైన దండయాత్రను ఏ కుజగ్రహవాసి చేయగలడు?

క్లార్క్ ఊహాశక్తి గొప్పదే. ఓవర్‌లార్డ్‌లు కూడా మరింత పెద్ద శక్తికి సేవకులని తేలే ముగింపులో నిజమైన విషాదం ఉంది. అయితే ఆ విషాదం పాలకుల పక్షాన మోగుతుంది. సంరక్షకుడు తన బాధ్యత మోయలేక దుఃఖిస్తాడు. సంరక్షణలో ఉన్నవారి అభిప్రాయం కథకు అవసరపడదు. కంచె చేను మేసిన కథను కంచె కన్నీళ్లతో చెప్పించినట్లుంటుంది.

వర్తకులు, దుబాసీలు

క్లార్క్ వదిలేసిన చోటు నుండి ఆక్టేవియా బట్లర్ కథను అందుకుంది. ‘డాన్’ (1987), ‘అడల్ట్‌హుడ్ రైట్స్’ (1988), ‘ఇమాగో’ (1989) అనే మూడు నవలల్లో ‘ఒవాంకలీ’లు అణుయుద్ధంలో మిగిలిన మానవులను రక్షించి, బదులుగా వారి జన్యువులను కోరతారు. తాము వర్తకులమని వారే చెప్పుకుంటారు. వారితో కలిసి కనకపోతే మానవులకు సంతానమే ఉండదు. రక్షణ నిజమే, బేరమూ నిజమే. బేరానికి ఒప్పుకోని స్వేచ్ఛ మాత్రం లేదు.

ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ లిలిత్ ఇయాపో ఈ కథకు కేంద్రం. నిద్రాణంగా ఉంచిన మానవులను మేల్కొలిపి ఒవాంకలీలతో బతకడానికి సిద్ధం చేసే పని ఆమెపై పడుతుంది. ఆమె నేర్చుకున్నది వారు బతకడానికి అవసరం. నేర్చుకున్నందుకే ఆమెను ద్రోహి అంటారు. బానిసత్వపు చరిత్ర మోసిన సమాజం నుండి వచ్చిన రచయిత్రి మాత్రమే ఈ ఇరుకును ఇంత నిష్కర్షగా చూపగలదనిపిస్తుంది.

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నప్పుడు తాము వర్తకులమనే చెప్పుకున్నారు. కోరమాండల్ తీరమంతటా వారికీ జనానికీ నడుమ నిలిచినవారు దుబాసీలు. రెండు భాషలు తెలిసినందున అవసరమై, ఆ కారణంగానే అనుమానాస్పదులై, కొందరు లాభపడి కొందరు చితికిపోయిన ఆ మధ్యవర్తుల నైతిక స్థితిని అర్థం చేసుకోవడానికి చరిత్రగ్రంథం ఎంత ఉపయోగపడుతుందో లిలిత్ పాత్ర అంత ఉపయోగపడుతుంది. ‘ఇండిపెండెన్స్ డే’ లోకంలో దుబాసీలు ఉండరు. అక్కడ శత్రువుతో మాట్లాడవలసిన పని ఎవరికీ పడదు. మధ్యవర్తి లేని దండయాత్ర కథలో బాంబుదాడి ఉంటుంది గాని, ఆక్రమణ అంటే ఏమిటో ఉండదు.

పిలిచినవారు, దండెత్తినవారు

ల్యూ త్సిషిన్ చైనీస్ నవల ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ 2006లో ధారావాహికగా, 2008లో పుస్తకంగా వచ్చింది. ఆంగ్లానువాదానికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. సాంస్కృతిక విప్లవ కాలంలో తండ్రిని కళ్లెదుటే కొట్టి చంపడం చూసిన యె వెన్‌జియె, జవాబివ్వవద్దన్న హెచ్చరిక వచ్చినా అన్యగ్రహానికి సంకేతం పంపుతుంది. శత్రునౌకలు బయలుదేరడానికి మనుషులు మనుషులకు చేసినదే కారణం. మొదటి ప్రశ్నకు ఈ నవల వెల్స్ తరువాత వచ్చిన అత్యంత గంభీరమైన సమాధానాల్లో ఒకటి.

అదే గంభీరత తరువాతి భాగమైన ‘ది డార్క్ ఫారెస్ట్’లో సడలింది. విశ్వమొక చీకటి అడవి. ప్రతి నాగరికతా పొంచి ఉన్న వేటగాడు. ముందు కాల్చినవాడే బతుకుతాడు. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న ఊరి మాటకు ఖగోళ స్థాయి కల్పిస్తే వచ్చే సిద్ధాంతమిది. మొదటి భాగంలో నేరానికి తేదీ ఉంది, స్థలముంది, నేరస్థులున్నారు. రెండవ భాగంలో నేరం ప్రకృతి నియమమైంది. నియమమైన దానికి నేరస్థుడుండడు. టాస్మానియాలో తుపాకీ పట్టినవారికి ఇంతకంటే మంచి వకీలు దొరకడు.

అర్సులా లె గ్విన్ 1972లో ప్రచురించిన ‘ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్’ ఇంకొక అడవిని చూపుతుంది. వియత్నాం యుద్ధకాలంలో వచ్చిన ఈ నవలికలో దండెత్తినవారు భూలోకవాసులే. కలపకోసం అత్షె గ్రహపు అడవులను నరికి, అక్కడివారిని చాకిరీకి పెడతారు. హత్య ఎరుగని ఆ ప్రజలు సెల్వర్ నాయకత్వంలో తిరగబడి గెలుస్తారు. కాని చంపడం నేర్చుకున్నవారు దాన్ని మరచిపోలేరు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును ఎలా నేరం చేసిందో, 1922–24లో మన్యం ఎందుకు రగిలిందో తెలిసిన పాఠకునికి ఈ కథలో అపరిచితమైనది ఏదీ ఉండదు. అపరిచితుని భయం సూత్రం ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది.

1962లో సత్యజిత్ రాయ్ ‘సందేశ్’ పత్రికలో రాసిన ‘బంకుబాబుర్ బంధు’ కథలోనైతే గ్రహాంతరవాసి దండెత్తనే దండెత్తడు. దారితప్పి బెంగాల్ పల్లెలోని వెదురుపొదల్లో దిగిన ఆంగ్ అనే ప్రాణి, అందరూ ఆటపట్టించే బడిపంతులు బంకుబాబుకు ఆత్మగౌరవం నేర్పి వెళ్లిపోతాడు. క్రూరత్వమంతా ఊరి పెద్ద ఇంట సాయంత్రాలు చేరే పరిచితుల్లోనే ఉంది. బయటినుండి వచ్చేవాడు తప్పనిసరిగా శత్రువన్న ఊహ ఆ కథకు రాలేదు.

ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు ఎదురుకావచ్చు. మొదటిది, కొన్ని కథలు నిజంగానే భయం గురించి రాసినవన్నది. 1955లో పుస్తకంగా వచ్చిన జాక్ ఫినీ ‘ది బాడీ స్నాచర్స్’ను ఉదాహరణగా చూపవచ్చు. కాని అందులో భయపెట్టేది పొరుగింటివాడు, బంధువు, భార్య. రూపం మారని ఆత్మీయులు. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు అమెరికా తనవారినే అనుమానించిన తీరు అది. ఆ కథ కూడా ఒక కాలానికి, ఒక సమాజానికి చెందినదే గాని సార్వకాలిక మానవ స్వభావ చిత్రణ కాదు.

రెండవది, వినోదం కోసం తీసిన సినిమాను చరిత్ర బోనులో నిలబెట్టడం అన్యాయమన్నది. ఈ ఆక్షేపణ వినోదానికి ఉన్న శక్తిని తక్కువ అంచనా వేస్తుంది. టాస్మానియా పేరు వెల్స్ నవల ద్వారా విన్నవారికంటే, టాస్మానియా లేని వెల్స్‌ను తెరమీద చూసినవారే ఎక్కువమంది. ఒక ప్రక్రియ జ్ఞాపకాన్ని మోయగలిగినప్పుడు, ఆ జ్ఞాపకాన్ని దించేసిన చోటు ఎక్కడో చెప్పడం విమర్శ కనీస బాధ్యత.

ముగింపు

దండయాత్ర కథలు రెండు తెగలని ఈ పరిశీలన తేల్చుతున్నది. వెల్స్, బట్లర్, లె గ్విన్, మొదటి భాగం మేరకు ల్యూ త్సిషిన్ ఒక వైపు నిలుస్తారు. వారి కథల్లో దాడికి చరిత్ర ఉంది, ఆక్రమణకు యంత్రాంగం ఉంది, ఎవరూ సులువుగా నిర్దోషులు కారు. సర్విస్ నుండి ‘ఇండిపెండెన్స్ డే’ దాకా సాగిన మరొక వైపు ఆకాశం నుండి కారణం లేని దెబ్బ పడుతుంది, దెబ్బతిన్నవాడు పుట్టుకతోనే నిర్దోషి, గెలిచాక అతనికి ప్రపంచ నాయకత్వం దక్కుతుంది. క్లార్క్ నడుమ నిలిచి, పాలకుని దుఃఖాన్ని పాలితుని ప్రశ్నకు బదులుగా ఇస్తాడు.

తెలుగు విశ్వవిద్యాలయాల్లో వైజ్ఞానిక కల్పన ఇప్పుడిప్పుడే పరిశోధనాంశంగా నిలదొక్కుకుంటున్నది. ఈ దశలో అరువు తెచ్చుకున్న సూత్రాలతో మొదలుపెడితే, ఒప్పందపు కాగితంపై అప్పగింతకు గురైన ప్రజల వారసులు తమను అప్పగించుకున్నవారి భయాన్నే తమ భయమని రాసుకోవలసి వస్తుంది. గ్రహాంతరవాసి ఎవరికి ప్రతీక అన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టవచ్చు. కాలుతున్న నగరంలో నిలబడి ఏడుస్తున్నది ఎవరు, అంతకుముందు వారు ఎవరి ఊరు కాల్చి వచ్చారు అన్న ప్రశ్నతో మొదలుపెడితే, నూటపాతికేళ్ల క్రితం వెల్స్ మోపిన నేరం ఇంకా విచారణకు రాలేదని స్పష్టమవుతుంది.